రేకుల్లేని బంతి

గంగాధరం తోటలో సగం చెట్లకు పువ్వులో రేకే లేదు.

మొగ్గ విచ్చుకుంది. లోపల మాత్రం పచ్చటి దొన్నెలో దారప్పోగులు కుక్కినట్టుంది.

పక్క చెట్టు చూస్తే నిండుగా పూసింది. దాని పక్కది మళ్లీ మొండి.

పెద్దపంజాణి చుట్టుపక్కల బంతి పెట్టేవాళ్లలో గంగాధరం చేయి తిరిగినవాడు. రేకు మందం వేలితో తడిమి, ఈ పువ్వు పుంగనూరులోనే వాడుతుందో, మదనపల్లె మార్కెట్టు దాకా నిలుస్తుందో చెప్పేస్తాడు. అలాంటివాడే మోసపోయాడు.

వరలక్ష్మీ వ్రతానికి ఇంకా వారం ఉంది.

"దండ ఎట్ల కట్టేది? దారానికి దారమే గుచ్చేదా?" అంది భార్య శాంతకుమారి.

"ఊరుకోమ్మే."

"ఊరికే ఇస్తాండాడంటే ఊరూ పేరూ అడగొద్దా? ముసిలాయన రెండు మాటలకే కరిగిపోతివి."

నిజమే. రెండు నెలల కిందట కుప్పం వైపు నుంచి ఒక ముసలాయన నారు గంప మోసుకుని వచ్చాడు. గంగాధరం తోటలో ఒక పువ్వు కోసి, ఒక్కో రేకూ విప్పి చాలాసేపు చూశాడు.

"పూలను బాగా సూసుకుంటాండావప్పా. మా బోరు ఎండిపోయింది. ఈ నారు నీ తోటలో పెట్టుకో. పువ్వెట్లుండినా పీకొద్దు. పూత టయానికి నేనొస్తా."

"మంచి రకమేనా?"

"దీన్ని మించింది లేదు."

ఆ ఒక్క మాటే గంగాధరం చెవిలో నిలిచింది. ఏటా పెట్టే పసుపు బంతిని మానుకుని బావి పక్క మడంతా ఇదే నాటాడు.

పూత వచ్చింది. ముసలాయన రాలేదు.

నాలుగు రోజులు ఎదురు చూశాడు. దారిన పోయేవాళ్లు గట్టు మీద ఆగి నవ్విపోతున్నారు. ఐదో రోజు ట్రాక్టరు పిలిపించి, పూసినవీ మొండివీ కలిపి దున్నించేశాడు.

ఆ సాయంత్రమే ముసలాయన దిగాడు. కాలికి కట్టు, చంకలో కర్ర.

దున్నిన మడి చూశాడు. కర్ర పక్కన పడేసి కూర్చున్నాడు. మట్టిగడ్డలు ఒక్కొక్కటే తిరగేశాడు.

"ఒక్కటైనా ఉండాదా అప్పా?"

"ఉంటే ఇంకోడి నెత్తిన పెడతావా?"

"పీకొద్దంటి కదప్పా."

"రేకుల్లేని పువ్వు ఏ దేవుడికి పెట్టాల? నమ్మినోడి గొంతు కోస్తివి గదయ్యా."

ముసలాయన చేతిలోని మట్టిగడ్డ కింద పెట్టాడు. లేచి, చేతులు దులుపుకున్నాడు.

గంగాధరం బస్సు దాకా వెంటపోయాడు. "ఈ మనిషిని బాగా సూసి పెట్టుకోండి. నారు ఊరికే ఇస్తానంటా మీ ఊర్లకూ వస్తాడు" అని అక్కడున్న అందరికీ చెప్పాడు.

ముసలాయన తల దించుకుని బస్సెక్కాడు.

తర్వాతి పంట కారుకు గంగాధరం మదనపల్లె నర్సరీకి పోయాడు. అక్కడ నారు అమ్మేది నీరజ.

"మన పసుపు బంతి నారు కావాలమ్మా."

"లేదన్నా. ఇంక రాదు."

"యాల?"

"దాని తల్లిచెట్లు పోయినాయి."

"బంతికి తల్లిచెట్టేంది?"

"దాని నారు పెడితే సగం చెట్లకు రేకులుండవన్నా, పుప్పొడీ ఉండదు. అవే తల్లులు. వాటికి ఇంకో బంతి పుప్పొడి అద్దితేనే మీరు నాటే రకానికి ఇత్తనం వచ్చేది."

గంగాధరం చేతిలోని ఖాళీ గంప కింద పెట్టాడు.

"అవి ఒకే ఒకాయన దగ్గర ఉండేవి. బోరు ఎండిపోతే ఉన్న నారంతా ఎవరో మంచి రైతుకిచ్చినాడంట. కాలు విరిగి ఆస్పత్రిలో పడి, పూత టయానికి పోలేకపోయినాడు."

"ఆ రైతు పేరు చెప్పినాడా?"

"అడిగితిని. తెగులొచ్చి పోయిందమ్మా, ఆ రైతు తప్పేం లేదన్నాడు."



"ఆయన ఎవరమ్మా?"

"దేవప్పన్నా. ఇరవై ఏండ్లు రేకు రేకూ సూసుకుంటా మన పసుపు బంతిని పుట్టించింది ఆయనే గదా, నీకు తెలీదా?"