అయినవాళ్ళ లైను

“ఏ విండోలో కొట్టావమ్మా?” అన్నాడు హర్షవర్ధన్.

శాలిని కంప్యూటర్ తెర వైపు చూసింది. రెండు విండోలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పాఠం నేర్చుకోవడానికి పెట్టుకున్న ఉత్తుత్తి రౌటరుది. రెండోది వన్ టౌన్ కొట్లన్నిటికీ నెట్టు ఇచ్చే అసలు రౌటరుది. తను కొట్టింది రెండోదాంట్లో.

అప్పటికే బయట కౌంటరు దగ్గర ఫోన్లు ఒకదాని మీద ఒకటి మోగుతున్నాయి. గుడ్డల కొట్లవాళ్ళు బిల్లులు కొట్టలేకపోతున్నామంటున్నారు. పప్పుల మిల్లాయన అయితే శాలిని ఏడు తరాలనూ తలుచుకుంటున్నాడు. హర్షవర్ధన్ ముందుకు వంగి ఆమె కొట్టినదంతా తీసేశాడు. నెట్టు తిరిగొచ్చింది గానీ, శాలిని మొహంలోకి మాత్రం రంగు తిరిగి రాలేదు. ఆ చిన్న కంపెనీ ఆమెదే. పని కూడా సొంతంగా నేర్చుకోవాలని ఈ సారుని పిలిపించుకుని మరీ పాఠాలు చెప్పించుకుంటోంది.

ఆ రోజు పాఠం తేలికైనదే. రౌటర్లు పక్క కంపెనీల రౌటర్లతో ఎడతెరిపి లేకుండా కబుర్లు చెబుతుంటాయి. “ఫలానా చోటికి దారి నా దగ్గరుంది” అని ఒకటంటే, రెండోది నమ్మేసి అటే పంపిస్తుంది. పక్కవాళ్ళు వాళ్ళకు సంబంధం లేని దారులు చెబితే నమ్మకుండా ఆపేదే ఫిల్టరు. ముందు ఉత్తుత్తి రౌటరు చేత, లోకంలో ఎక్కడికి వెళ్ళాలన్నా దారి నాదేనని ఓ అబద్ధం చెప్పించాలి. తర్వాత ఆ అబద్ధాన్ని ఫిల్టరుతో ఆపాలి. శాలిని అబద్ధం వరకు చక్కగానే చెప్పించింది. కాకపోతే అసలు రౌటరు చేత.

“పెద్ద కంపెనీల గురించి బెంగలేదు, వాళ్ళకి ఫిల్టర్లుంటాయి. నీ పక్కన ఇంకెవరున్నారు?”

“హనుమాన్ జంక్షన్‌లో మా మావయ్యున్నాడు సార్. ఆయన లైను తెగితే నాది, నాది తెగితే ఆయనది వాడుకుంటాం.”

“ఆయన లైనుకి నువ్వు ఫిల్టరు పెట్టావా?”

శాలిని తల దించుకుంది. “లేదండీ.”

“అన్నిటికీ పెట్టమన్నాను కదమ్మా!”

“సొంత మేనమామ సార్. ఆయన ఏం చెబుతాడోనని కాపలా పెడితే ఏం బావుంటుందండీ? తెలిస్తే నొచ్చుకుంటాడు.”

“సరిపోయింది. ఆయనా నీలాగే మొహమాటపడి ఉంటే, ఇందాక నీ అబద్ధం నమ్మి ఆయన నెట్టు కూడా పడిపోయే ఉంటుంది.”

జంక్షన్‌లోని లారీ ఆఫీసులన్నీ మావయ్య నెట్టు మీదే నడుస్తాయి. వాటిని ఎప్పుడు లాక్కుందామా అని ఇంకో కంపెనీవాడు కాచుకుని కూర్చున్నాడు. కాసేపు పోయినా చాలు, అందరూ అటు వెళ్ళిపోతారు. శాలిని ఫోను తీసి నంబరు నొక్కింది, మోగకముందే పెట్టేసింది. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. లేచి వెళ్ళి బస్సెక్కింది.

గన్నవరం దాటేదాకా కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చుంది. బస్సులో ఎవరికీ ఏమీ తెలియదు. అయినా అందరూ తననే చూస్తున్నట్టనిపించి సిగ్గుతో చితికిపోయింది. మావయ్య దగ్గర ఏమని మొదలుపెట్టాలో ఎన్నిసార్లు అనుకున్నా మాట కుదరలేదు.

హనుమయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు. మేనకోడలిని చూసి ఎదురొచ్చాడు.

“ఏమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చావు? మొహం అలా ఉందేంటి?”

“మావయ్యా, పొద్దున నీ నెట్టు పోయింది చూడు, అది నా నిర్వాకమే. నేర్చుకుంటున్నానని అసలు రౌటరు మీద చెయ్యి పెట్టాను.”

హనుమయ్య చేతిలో పేపరు మడత పెట్టాడు. “ఓస్, దానికా! పోతే పోయిందిలే, మళ్ళీ వచ్చిందిగా. ముందు మంచినీళ్ళు తాగు.”

“లారీ ఆఫీసులవాళ్ళు తిట్టారా?”

“తిట్టారులే. మనకి కొత్తా?”

“ఎవరైనా మానేస్తామన్నారా?”

“ఒక్కరూ అనలేదమ్మా. నువ్వలా కూర్చో.”

తిట్టినా బావుండేది. ఈ మంచితనం ముందు శాలినికి తలెత్తబుద్ధి కాలేదు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

“నీ లైనుకి ఫిల్టరు పెట్టమని మా సారు మొత్తుకున్నా నేను పెట్టలేదు మావయ్యా, నిన్ను అవమానించినట్టవుతుందని. నువ్వూ అలాగే కదా, నా మీద నమ్మకంతోనే కదా నా లైనుకి ఫిల్టరు పెట్టకుండా వదిలేశావు! ఆ నమ్మకాన్ని నేనేం చేశానో చూడు.”

“ఊరుకోమ్మా. ఇంక ఆ సంగతి ఎత్తకు.” హనుమయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గుమ్మం వైపు చూశాడు.

“నీ మనసు ఎవరికీ రాదు మావయ్యా,” అంటూ శాలిని వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది.

“వద్దమ్మా! నా కాళ్ళకా? వద్దు, లే!” ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

అప్పుడే సుబ్బరత్నం కాఫీ గ్లాసులతో వరండాలోకి వచ్చింది. “అయ్యో, పిల్లనెందుకండీ ఏడిపిస్తున్నారు?”

“నేనే అత్తయ్యా, నా వల్లే పొద్దున మీ నెట్టు పోయింది.”

హనుమయ్య భార్యకు కళ్ళతో సైగ చేశాడు. మేనకోడలి కన్నీళ్ళు తప్ప ఆమెకేమీ కనబడలేదు.

“మనకి నెట్టు పోవడమేంటే పిచ్చిదానా? నీ లైను కలిపిన రోజే, ‘ఈ పిల్ల ఎప్పుడు ఏం చేస్తుందో’ అని మీ మావయ్య ఏదో ఫిల్టరు పెట్టించాడుగా!”