శాంతివనంలో అల్పపీడనం

“ప్రెజర్ లేదు!”

శాంతివనం కాలనీ ప్రెసిడెంట్ జగదీశ్వర్ అరుపుకు నాగయ్య చేతిలోని వాల్వు తాళం జారి కాలి మీద పడింది. ఉన్న ప్రెజరంతా ఆ గొంతులోనే ఉంది. నల్లా మాత్రం జలుబు చేసిన ముక్కులా కారుతోంది.

“బంగాళాఖాతంల అల్పపీడనమొస్తే ఇబ్రహీంపట్నంకు వానొస్తది. మా కాలనీల అల్పపీడనమొస్తే ఉన్న నీళ్లు గూడ పోతున్నయ్! ఎల్లుండి ఇంజనీరు సారును పిలుస్తున్న. గాయన ముంగట పది నిమిషాల్ల బకెట్ నిండాలె. లేకుంటే నీ నౌకరి ఖతం.”

పదకొండేళ్లుగా నీళ్లు వదిలే కాంట్రాక్టు కొలువు నాగయ్యది. భార్య సుక్కమ్మకు లోబీపీ, తనకు హైబీపీ. రెండూ కలిపి చూస్తే ఇల్లు నార్మల్. ఆ నార్మల్‌కే ఇప్పుడు గండం.

మర్నాడు పొద్దున ఆరింటికి వాల్వు చివరిదాకా తిప్పాడు. వీధి పొడవునా వెతికాడు. పైపు పగల్లేదు, లీకు లేదు. ఇంటింటి నుంచీ గుయ్యిమని ఒకటే మోత.

“గదేం సప్పుడమ్మా?” ప్రెసిడెంట్ భార్య ఇంద్రమ్మను అడిగాడు.

“మిక్సీ. చట్నీ చేస్తున్న.”

“ఇరవయ్యారు ఇండ్లల్ల ఒక్కపారే చట్నీనా?”

“మా కాలనీల ఐకమత్యం జాస్తి.” తలుపు ధడేలుమంది.

నాగయ్య ఆ తలుపుకు చెవి ఆనించి మోత విన్నాడు. తర్వాత బామ్మర్ది సాల్మన్ రాజుకు ఫోన్ కలిపాడు.

ఎల్లుండి రానే వచ్చింది. వీధి చివరి నల్లా కింద బకెట్ పెట్టారు. ఇంజనీరు గడియారం చూశాడు. ఇంట్లోనూ ఉక్కపోతేనంటూ బయటికొచ్చిన జగదీశ్వర్ ఫిర్యాదు కాగితంతోనే విసురుకున్నాడు. ఇంద్రమ్మ రెండుసార్లు లోపలికి పోయి ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఆ పొద్దు ఏ ఇంట్లోనూ చట్నీ లేదు.

నాగయ్య వాల్వు తిప్పాడు.

నల్లా ఒకసారి దగ్గింది, తుమ్మింది, భళ్లున దూకింది. రెండు నిమిషాలకే బకెట్ నిండి పొర్లింది. ఫిర్యాదు తడిసి ముద్దయింది. జనం చప్పట్లు కొట్టారు.

“ఏం మాయ జేసినవ్ నాగన్నా?” అన్నాడు జగదీశ్వర్. మొన్నటి దాకా ‘అరేయ్’ అన్న నోరే. “సార్‌కు చెప్పు, కొత్త పైపేసినవా?”

నాగయ్య ఇంజనీరు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

“ఏం జెయ్యలే సార్, కరెంటు లైన్‌మన్ మా బామ్మర్దితోని అరగంట కరెంటు తీపిచ్చిన, నల్లా పైపులకు బిగించిన మోటర్లు ఇరవయ్యేడూ ఒక్కపారే బందైనయ్, ప్రెసిడెంట్ సారువి రెండు కలుపుకొని.”