మెరక యజమాని సంతకం

సముద్రం ఏటేటా ఊళ్లు మింగుతుంటే ఇళ్లకు చక్రాలు బిగించుకున్నాం. అప్పట్నుంచి సముద్రానికి భయపడటం మానేసి, మెరక యజమాని ముత్యాల్రావుగారికి భయపడటం మొదలెట్టాం. ఇళ్లు మావే, నేల ఆయనది. ఇల్లు అమ్మాలంటే ఆయన సంతకం కావాలి. కొనేవాళ్లు ఎండుచేపలు తింటారేమోనని బట్టలు వాసన చూసి గానీ సంతకం పెట్టని మహానుభావుడు!

మా పక్కింటి భద్రం ఆయన్నడక్కుండా, చేపలమ్మే నూకాలుకి ఇల్లమ్మేశాడు. ఆమె పాలు పొంగిస్తుంటే ముత్యాల్రావుగారు చెప్పులతోనే లోపలికొచ్చారు.

"నేనొప్పుకోని అమ్మకం చెల్లదు. పొద్దుగూకేలోగా నా నేల ఖాళీ చెయ్యి. అది నా హక్కు."

"పాలు పొంగనివ్వండి బాబూ, ఎల్లిపోతాను" అంది నూకాలు. అన్నట్టే ఇల్లు తోలుకెళ్లి, మెరక గేటవతల రోడ్డు పక్కన ఆపుకుంది.

వారం తిరక్కుండానే సముద్రం ఆ మెరకనీ మింగింది. అందరం ఇళ్లు తోలుకుని రోడ్డెక్కాం. పునాది ఉన్న మేడే పరువనుకున్న ముత్యాల్రావుగారు మోకాల్లోతు నీళ్లలో నిలబడి చెయ్యి ఊపారు. మేమెవ్వరమూ ఆగలేదు. నూకాలు ఆగింది.

"ఎక్కండి బాబూ" అంది తలుపు తీసి. "చెప్పులు బయటిడిచెయ్యండి. పొయ్యి మీద ఎండుచేపల పులుసుంది."