బాతుగారి బీరువాకు తాళం

“ఏ బట్టో చెప్పి ఏడవచ్చు కదా,” అంది డార్లా, లాప్‌టాప్ తెరను వేలితో పొడుస్తూ. “‘మీ షాపులో ఇంకొకరి ట్రేడ్‌మార్కు వాడారు, తొలగించండి.’ అంతే. ఎవరిది, ఎక్కడ వాడాను, ఒక్క ముక్క లేదు.”

ఆమె షాపు నడిచే వెబ్‌సైటు వాళ్ళు పంపిన ఉత్తరం అది. ఆమె భర్త లైల్ కళ్ళజోడు పెట్టుకుని కింది వరుస కూడా చదివాడు. సాయంత్రం ఐదింటిలోగా సరిదిద్దకపోతే షాపు శాశ్వతంగా మూసేస్తారట.

ఒహాయోలోని ఆ ఊళ్ళో వాకిట్లో సిమెంటు బాతు లేని ఇల్లు వెతికినా దొరకదు. నెలకో వేషం మార్చకపోతే ఆ బాతుకు చలేస్తుందన్నంత కంగారు పడతారు జనం. ఆ వేషాలన్నీ కుట్టి, “బాతుగారి బీరువా” అని పేరు పెట్టి ఇంటర్నెట్లో అమ్మేది డార్లా. కొన్నవాళ్ళు తమ బాతుల ఫొటోలు తీసి, కింద నాలుగు మాటలు రాసి ఆ షాపులోనే పెడతారు. అలాంటివి రెండు వేలకు పైగా ఉన్నాయి. షాపు పోతే అవీ పోతాయి. డార్లా భయమంతా అందుకే.

“నాకు తెలుసు. ఫుట్‌బాల్ జెర్సీయే,” అన్నాడు లైల్. “ఎరుపూ బూడిదా కలిపి ఎవరు కుట్టుకున్నా, ఆ రంగుల జట్టున్న యూనివర్సిటీ వాళ్ళకి కడుపుమంట.”

“దాని మీద పేరు లేదు, నంబరు లేదు. రంగులు కూడా వాళ్ళ సొత్తేనా?”

“తీసెయ్, పీడా పోతుంది.”

తీసేసి జవాబు పంపింది. అరగంటలో ఉత్తరం వచ్చింది: సమస్య ఇంకా ఉంది.

తర్వాత తేనెటీగ వేషం పోయింది, ఏదో తేనె కంపెనీ గుర్తులా ఉందని. పసుపుపచ్చ రెయిన్‌కోటు పోయింది. హాలోవీన్ మంత్రగత్తె టోపీ పోయింది. ఒక్కోటి తీసినప్పుడల్లా డార్లా “అయ్యో, దీనికి ఎంత మంచి అంచు కుట్టానో” అనడం, లైల్ ఇంకో డోనట్ ఆమె పళ్ళెంలో పెట్టడం. వేడివేడి ఆపిల్ సైడర్ రెండు కూజాలు ఖాళీ అయ్యాయి. అంత కంగారులోనూ ఇద్దరూ అలా పక్కపక్కన కూర్చుని ఏదో ఒక పని చేసి ఎన్నాళ్ళయిందో అనిపించింది డార్లాకు. హాయిగానే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి షాపులో మిగిలింది ఒకే ఒక్క తెల్ల ఏప్రన్. గుడ్డ, రెండు తాళ్ళు. 

సమస్య ఇంకా ఉంది, అని వచ్చింది ఉత్తరం.

“తెల్లగుడ్డ మీద కూడా హక్కులా?” లైల్ లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసిన మనిషి, సాధారణంగా గొంతు పెంచడు. “ఆ ఫిర్యాదు పెట్టినవాడు ఎవడో నాకు దొరకాలి. గుమ్మడికాయల ట్రాక్టరు వెనక కట్టి ఊరంతా తిప్పుతా. పని చేసుకుని బతికే ఆడదాని మీద పడతాడా, సన్నాసి.”

“నువ్వు కూర్చోవయ్యా, నీ బీపీ సంగతి చూసుకో,” అంది డార్లా. నవ్వొచ్చింది ఆమెకు. తన కోసం అతను ఇంత మండిపడడం చాలా ముద్దుగా ఉంది.

నాలుగున్నరకు, పదహారోసారి ప్రయత్నిస్తే వెబ్‌సైటు వాళ్ళ ఫోన్లో మాట్లాడే మనిషి దొరికింది. డార్లా స్పీకరు పెట్టింది.

“మీ బట్టల మీద అభ్యంతరమేమీ లేదండీ,” అంది ఆ అమ్మాయి తెర చూసి చదువుతున్నట్టుగా. “అభ్యంతరమంతా మీ షాపు పేరు మీద. ‘బాతుగారి బీరువా’ పోయిన నెల వేరేవాళ్ళ పేరున రిజిస్టరయింది. వాళ్ళ తరఫున ఒక కంపెనీ ఫిర్యాదు పంపింది.”

“ఆ పేరు నేను పెట్టిందమ్మా, పదకొండేళ్ళ కిందట.”

“కావచ్చండీ. కానీ కాగితం వాళ్ళ దగ్గరుంది. వాళ్ళు వెనక్కి తీసుకుంటే తప్ప మేమేమీ చెయ్యలేం. ఎవరి పేరున ఉందో కనుక్కుని చెప్తాను, లైన్లోనే ఉండండి.”

ఫోన్లోంచి పియానో మొదలైంది.

“విన్నావా లైల్? నా పేరు కొట్టేసి నన్నే దొంగని చేశాడు,” అని డార్లా పక్కకు తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది.

గరాజ్ తలుపు చప్పుడైంది. లైల్ నెమ్మదిగా లోపలికి వచ్చాడు. చేతిలో రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టిన పలచటి పొట్లం ఉంది. చెవులు కందగడ్డల్లా ఉన్నాయి. పొట్లాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టి, ఫోను వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు.

“ఏంటిది? ఇప్పుడెందుకు?”

“ఆదివారం మన పెళ్ళిరోజుకి ఇద్దామనుకున్నా,” అన్నాడు. “నీ షాపు పేరు ఎవడూ కొట్టెయ్యకుండా రిజిస్టరు చేయించి ఫ్రేము కట్టించా. ఫారంలో యజమాని పేరు అడిగితే, నింపేది నేనే కదా అని నా పేరు రాశాను. ఆ పేరుతో షాపు ఎక్కడ కనబడినా వెంటనే మూయించమని ఒక కంపెనీని కూడా పెట్టాను, డార్లా... మంచి పనిమంతుల్లాగే ఉన్నారు.”