గడియ ఎటువైపు?

“నేను ఇక్కడికి వచ్చినట్టు నరమానవుడికి తెలియకూడదమ్మా,” అన్నాడు పెద్దాయన, కుర్చీలో కూర్చోకముందే.

పాత కట్టడాల కార్యాలయంలో సలహాలిచ్చే అధికారిణి తలెత్తి చూసింది. ఆయన చొక్కా జేబులో భూతద్దం, వేలెడంత స్క్రూడ్రైవరు ఉన్నాయి. గడియారాలు బాగుచేసే మనిషని వేరే చెప్పనక్కర్లేదు. చంకలో చుట్ట చుట్టిన కాగితం ఒకటి.

ఆమె గోడ మీది బోర్డు చూపించింది. ‘పని మొదలుపెట్టకముందే సలహా అడగండి. ఇక్కడ అడిగింది ఇంకెవరికీ చెప్పం.’

“నోరు జారితే నా ఉద్యోగం ఊడుతుంది బాబాయిగారూ. నిశ్చింతగా కూర్చోండి. ఇంతకీ ఏమైనా పగలగొట్టేశారా?”

“ఛ ఛ! ఇంకా సుత్తి కూడా కొనలేదు.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ బల్ల ముందుకు వచ్చేవాళ్లలో సగంమంది అంతా పగలగొట్టుకుని, ఇప్పుడేం చేయమంటారని అడిగేవాళ్లే.

పెద్దాయన కాగితం పరిచాడు. నూటయాభై ఏళ్లనాటి ఇల్లు, ప్రభుత్వం కాపాడే కట్టడాల జాబితాలో ఉన్నదే. మధ్యలో పెద్ద హాలు. ఆ హాలును నిలువునా రెండు చేస్తూ గోడ. గోడలో ఎర్ర సిరాతో స్కేలు పెట్టి గీసిన తలుపు.

“గోడ పాతది కాదమ్మా. పదకొండేళ్ల కిందట మేమే కట్టుకున్నాం. అటు సగం మా చెల్లిది.”

“అంత చక్కటి హాలుకు అడ్డుగోడెందుకండీ?”

“గంటల గడియారం కోసం.”

తండ్రి వదిలివెళ్లిన గడియారం అది. వాటాల్లో చెల్లెలికి వెళ్లింది. గడియారాల పని తెలిసినవాణ్ని నేనుండగా దానికెందుకని అన్న. చిన్నప్పటినుంచి కీ ఇచ్చింది నేనైతే వీడికెందుకని చెల్లెలు. మాటా మాటా పెరిగింది. గోడ లేచింది.

“పదకొండేళ్లపాటు ఏడు నిమిషాలు ఆలస్యంగా కొట్టేది. గోడకు ఇవతల కూర్చుని రోజూ వినేవాణ్ని. ఒళ్లు మండిపోయేది.”

“ఇప్పుడు?”

“నెల్లాళ్ల నుంచి అసలు కొట్టడమే లేదు.” ఆయన గొంతు తగ్గింది. “మొదటిరోజు పీడ వదిలిందనుకున్నా. రెండోరోజు నుంచి అన్నం సయించడంలేదు. మనిషి బాగానే ఉంది, మేడ మీద బట్టలారేస్తూ కనిపిస్తోంది. ఆగింది గడియారమే. ఇంకెవరినీ పిలవలేదు. నన్నూ పిలవలేదు.”

“మీరే వెళ్లి తలుపు తట్టొచ్చుగా?”

“ఎందుకొచ్చావంటే? ఆ మాట పడి, వీధంతా చూస్తుండగా వెనక్కి నడిచి రావాలి. అందుకే ముందు మీరు చెప్పండి. గోడలో తలుపు కుదురుతుందంటే ధైర్యం చేసి అడుగుతా. కుదరదంటే అడిగి లేదనిపించుకునే బాధ తప్పుతుంది.”

“కుదిరినా ఆవిడ సంతకం కావాలి మరి. గోడలో సగం ఆవిడది.”

పెద్దాయన మొహం వాడిపోయింది. “అయితే అయినట్టే. కాగితం చూడగానే చింపి పోగులు పెడుతుంది. మా చెల్లి సంగతి మీకు తెలీదు.”

ఆమె ఏదో చెప్పబోయింది. బోర్డు వైపు చూసి, గ్లాసెత్తి గడగడా నీళ్లు తాగేసింది.

“సంతకం సంగతి తర్వాత. కప్పు పాతది, నేల పాతది, ఆ రెండూ ముట్టుకోకూడదు. గోడ కొత్తది కాబట్టి తలుపు పెట్టుకోవచ్చు. రెండు రెక్కలొద్దు, ఒకటి చాలు.”

“చాలు చాలు. ఇద్దరం సన్నగానే ఉంటాం.”

“దాన్ని కిటికీ వైపు రెండడుగులు జరపండి.”

“ఎందుకూ? అక్కడ నా పనిబల్ల ఉంది.”

“బల్ల జరుపుకోండి. తలుపు అక్కడైతే పని సులువవుతుంది.”

ఏదో ఒక మెలిక పెట్టకపోతే వీళ్లకు జీతం అరగదని గొణుక్కుంటూ, పెద్దాయన స్కేలు తీసి తలుపు జరిపాడు.

“గడియ ఎటువైపు?” అని ఆమె అడిగింది.

“మా చెల్లి వైపే. ఇష్టమైతే తీస్తుంది, లేదంటే వేసుకుంటుంది. నా వైపు పెడితే మళ్లీ నేనే మూసుకు కూర్చున్నాననుకుంటుంది.”

అధికారిణికి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. కళ్లు తుడుచుకునేదాకా ఆగలేదు.

“అసలు గడియే వద్దులెండి. పాత ఇంట్లో ఇనుము ఎంత తక్కువైతే అంత మంచిది,” అంటూ డైరీ తిరగేసింది. “బుధవారం పదింటికి ఎలాగూ మీ వీధికి వస్తున్నాను. సరిగ్గా ఆ వేళకి, ఈ గుర్తు దగ్గర గోడను మూడుసార్లు తట్టండి.”

“దేనికి?”

“గోడ ఎలా పలుకుతుందో వినాలి.”

“అవతలినుంచి అది కేకలేస్తే?”

“వేయనివ్వండి. అదీ వినాలి.”

పెద్దాయన చేతిగడియారాన్ని గోడగడియారంతో సరిచూసుకున్నాడు. ఆఫీసుదే రెండు నిమిషాలు ముందుందని తేల్చి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన బల్ల మీద వదిలిన కాగితాన్ని దాచడానికి ఆమె సొరుగు లాగింది.

సోమవారంనాడు ఒక పెద్దావిడ ‘నరమానవుడికి తెలియకూడదమ్మా’ అంటూ ఇచ్చి వెళ్లిన కాగితం పైనే ఉంది, అందులో అదే గోడ అవతలి వైపునుంచి గీసి ఉంది, కిటికీకి రెండడుగులు దగ్గరగా ఒంటిరెక్క తలుపుంది, దాని పక్కన వణికే అక్షరాలతో ‘గడియ మాత్రం మా అన్నయ్య వైపే ఉండాలి’ అని రాసి ఉంది.