తెర ఆగినప్పుడు

సెమీఫైనల్ మంచి రసపట్టులో ఉండగా కంప్యూటరు తెర బిగుసుకుపోయింది.

ఆసుపత్రి ల్యాబులో రోజుకి వందమందికి సూది గుచ్చినా తొణకని మనిషి, మౌసుని బల్లకేసి టపటపా కొట్టింది. ఆ ఆన్‌లైన్ యుద్ధం ఆటలో ఐదుగురి జట్టుకి ఆమే కెప్టెన్. అందరూ కెప్టెనక్క అంటారు. అందరిదీ ఒకే ఊరు, ఒకరి మొహం ఒకరు చూసింది మాత్రం లేదు.

తొమ్మిది సెకన్ల తర్వాత తెర కదిలింది. విచిత్రంగా ఆమె బొమ్మ ఇంకా బతికే ఉంది. పక్కనే, జట్టులో తాబేలు అని పిలిచే ఆటగాడి బొమ్మ చచ్చి పడి ఉంది.

"కోట మీదకి పొమ్మంటే ఇక్కడేం చేస్తున్నావ్ తాబేలూ?" మైకులో విసుక్కుంది.

తాబేలు మైకు ఎప్పుడూ వాడడు. తెర మీద నెమ్మదిగా అక్షరాలు వచ్చాయి. "సారీ."

ఆ పేరు పెట్టింది జట్టే. అందరూ ముందుకు ఉరికితే అతను వెనకే మిగిలిపోతాడు మరి.

ఎలాగో గట్టెక్కారు. ఫైనల్ ఆదివారం సాయంత్రం నాలుగింటికి.

"మూడేళ్ళకి ఇప్పుడు ఫైనల్‌కొచ్చాం. నా తెర మళ్ళీ ఆగిందంటే అందరి కష్టం బూడిదలో పోసిన పన్నీరే," అంది.

"ఆడలేక మద్దెల ఓడు," వంటింట్లోంచి భర్త అందుకున్నాడు.

"మద్దెల నిజంగానే ఓడండీ. ర్యామ్ చాలట్లేదు."

శుక్రవారం బస్టాండు ఎదురుగా ఉన్న కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన పెట్టె విప్పి చూసి పెదవి విరిచాడు.

"ర్యామ్ పెంచితే సరిపోతుందమ్మా. కానీ మీ బోర్డు పాతది. దీనికి పట్టే రకం రావడం మానేసి చాలాకాలమైంది. అదీ ఒక్కటి వేస్తే లాభం లేదు, ఒకే రకం జోడీ ఉండాలి."

"ఎక్కడా దొరకదా?"

"ఎవరైనా తమది తీసిస్తే తప్ప లేదమ్మా."

ఆ సాయంత్రం ఆట మొదలుపెట్టే ముందు జట్టుకి తన గోడు వెళ్ళబోసుకుంది. ఏ కొట్టో, ఏ రకమో కూడా చెప్పింది. అందరూ అయ్యో అన్నారు.

శనివారం కొట్టాయన ఫోన్ చేశాడు.

"ఒకాయన తన జోడీ తీసిచ్చేస్తానంటున్నాడమ్మా. వెంటనే వచ్చేయండి."

పరుగున వెళ్ళింది. బల్ల ముందు మెడకి మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన ఒకరు తన కంప్యూటరు స్క్రూలు తానే విప్పుతున్నాడు. ఒక్కో స్క్రూకీ ఒక్కో యుగం పడుతోంది.

"కాస్త త్వరగా కానివ్వండి. నాకు డ్యూటీ టైమవుతోంది," అంది.

ఆ మాటకి పెద్దాయన తలెత్తి చూశాడు. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"రెండూ తీసేస్తే మీది ఆన్ కూడా కాదు సార్," కొట్టాయన చెప్పి చూశాడు. "మళ్ళీ కొందామన్నా దొరకవు."

పెద్దాయన రెండు వేళ్ళు చూపించాడు. రెండూ ఇచ్చేయమని.

"ఇంట్లో మీకు దీంతో పని లేదా అంకుల్?" ఆమె అడిగింది.

నవ్వాడే తప్ప, బెల్లం కొట్టిన రాయిలా ఒక్క మాటా లేదు.

ఎంత పొగరో అనుకుంది. ఈ వయసులో కంప్యూటరుతో ఏం పనుంటుందిలే, ఏ మూలో దుమ్ము పట్టి ఉంటుంది అని మళ్ళీ తనే సర్ది చెప్పుకుంది. కవరు అందుకుని, కొట్టాయనకి థాంక్స్ చెప్పి వచ్చేసింది. పెద్దాయనకి చెప్పాలన్న ధ్యాసే లేకపోయింది.

ఆదివారం నాలుగయింది. తెర నీళ్ళు పారినట్టు నడుస్తోంది. కానీ జట్టులో నలుగురే ఉన్నారు. తాబేలు రాలేదు.

"చూశావా అక్కా, సరిగ్గా సమయానికి చెయ్యిచ్చాడు," అన్నాడు జట్టులో అందరికంటే ముందు ఉరికే మెరుపు.

పది నిమిషాలకి మించి ఆగేది లేదన్నారు పోటీ నిర్వాహకులు. రానివాడి పేరు అలాగే ఉంచి, అతని బదులు ఇంకొకరిని దింపే వీలుంది. కానీ ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ కష్టాన్ని మంట్లో కలపబోయాడనిపించింది. జాబితాలోంచి తాబేలు పేరే కొట్టేసింది. ఒకసారి కొట్టేస్తే మళ్ళీ చేర్చరు. అది తెలిసే కొట్టేసింది.

కొత్తవాడితో ఆడారు. గెలిచారు. తెర ఒక్కసారి కూడా ఆగలేదు. మైకుల్లో ఒకటే గోల. వంటింట్లోంచి భర్త ఈల వేశాడు.

విజేతల పేర్లు ప్రకటించే ముందు నిర్వాహకులు సెమీఫైనల్ రికార్డు వేశారు.

తెర మీద ఆమె బొమ్మ కొయ్యబారి నిలబడి ఉంది. మిగతావాళ్ళు కోట మీదకి దూసుకుపోయారు. తాబేలు ఒక్కడే వెనక్కి తిరిగి వచ్చాడు. ఆమె బొమ్మకి అడ్డంగా నిలబడి, తొమ్మిది సెకన్లూ దెబ్బలన్నీ తనే కాచుకున్నాడు.



"నీ తెర ఆగిన ప్రతిసారీ ఇదే జరిగిందేమో అక్కా," అన్నాడు మెరుపు. "ముందుకి పరిగెత్తే హడావిడిలో మేం చూళ్ళేదు."

విజేతల జాబితా వచ్చింది. అందులో ఐదు పేర్లున్నాయి, తాబేలు పేరు లేదు. ఎందుకు రాలేదని ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది అనుకుంటూ, పొద్దుటి నుంచి ముట్టుకోని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

మూడింటికే వచ్చిన మెసేజ్ ఒకటుంది. తాబేలు పంపిందే.

"కెప్టెనమ్మా, ముందే చెబితే మీరు ఒప్పుకోరని ఇప్పుడు రాస్తున్నాను. ఇవాళ నేను ఆడలేను, నా బదులు ఇంకొకరిని పెట్టుకోండి. నిన్న కొట్టులో మీ గొంతు గుర్తుపట్టాను, పలకరిద్దామన్నా ఆపరేషన్ తర్వాత నాకు మాట రాదు తల్లీ."