నెమలిరాజు తోడుకి బిరుదు

నెమలిరాజు ఏరికోరి ఇంకో మగనెమలినే తోడుగా తెచ్చుకున్నాడు. ఆ కొలువులో బిరుదు చదవనిదే ఎవరికీ పీట వెయ్యరు, పీట వెయ్యనిదే విందు మొదలవదు. బిరుదులు చదివే చిలుక నోరు తెరిచి ఆగిపోయింది.

"రాణిగారు అందామంటే మగవాడు. రాజుగారు అందామంటే ఒకరు ఉండనే ఉన్నారు," అంటూ మంత్రి తాబేలు తల లోపలికి లాక్కున్నాడు.

కొత్తాయన గడప అవతలే నిలబడ్డాడు. లోపల మేడిపళ్ళకి చీమలు పట్టాయి. ఆకలితో ఉన్న ఉడత ఉండబట్టలేక అడిగింది.

"ఇంట్లో తమరేమని పిలుస్తారు, దొరా?"

రాజు సిగ్గుపడ్డాడు. "ఒరేయ్ అంటాను."

చిలుక గొంతు సవరించుకుంది. "శ్రీశ్రీశ్రీ ఒరేయ్‌గారు వేంచేస్తున్నారు."

పీట పడింది. అందరూ కడుపునిండా తిన్నారు.

తాబేలు ఇంటికెళ్ళి భార్యని బతిమాలుకున్నాడు. "ముప్పయ్యేళ్ళుగా ఏమండీ అంటూనే ఉన్నావు. నన్నూ ఒక్కసారి ఒరేయ్ అనకూడదూ?"